క్లచ్ పోయిందని అనుకునే ముందు: గేర్ల ఇబ్బందులపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా కార్ల గేర్‌బాక్సులు దించి, ఎక్కిస్తున్నాను. మా షెడ్డుకు వచ్చే చాలామంది బండి దిగుతూనే చెప్పే మాట ఒకటే: "క్లచ్ పోయిందన్నా, సెట్ మార్చెయ్." గేర్ పడకపోయినా అదే మాట, బండి లాగకపోయినా అదే, అడుగున శబ్దం వచ్చినా అదే. కొన్నిసార్లు నిజంగానే పోయి ఉంటుంది. కానీ క్లచ్ సెట్ (క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్) మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. అది వేలల్లో ఖర్చు. అంతా విప్పాక తప్పు అక్కడ లేదని తేలితే కట్టిన కూలి వెనక్కి రాదు.

ఒక పెద్దాయన వేరేచోట క్లచ్ సెట్ మొత్తం మార్పించుకున్నా రివర్స్ గరగరమంటూనే ఉందని నా దగ్గరికి వచ్చారు. డ్రైవర్ సీటు ముందు చూస్తే పాత మ్యాట్ మీద కొత్తగా ఇంకో మందపాటి మ్యాట్ వేసి ఉంది. పెడల్ పూర్తిగా కిందికి వెళ్లడం లేదు. పై మ్యాట్ తీసేశాను, రివర్స్ మెత్తగా పడింది. ఆయన ముఖం చూసి నాకు చాలా బాధేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గేర్ పడటం లేదంటే క్లచ్ ప్లేట్ అరిగిపోయినట్టే

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ ఒక్క నమ్మకం వల్లే. క్లచ్‌కు వచ్చే జబ్బులు ముఖ్యంగా రెండు, అవి ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. ఒకటి పట్టకపోవడం, రెండోది విడవకపోవడం.

ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కూ, దాని వైపు నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్‌కూ మధ్య క్లచ్ ప్లేట్ బిగుసుకుని ఉంటుంది. ఇంజిన్ బలం చక్రాలకు వెళ్లేది ఆ పట్టు వల్లే. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది, అప్పుడు గేర్ మారుతుంది. ప్లేట్ అరిగితే పట్టు తగ్గి జారుతుంది, అంటే స్లిప్ అవుతుంది. మామూలుగా అరిగిన ప్లేట్ వల్ల గేర్ పడకుండా పోదు. గేర్ పడటం లేదంటే ముందు అనుమానించాల్సింది క్లచ్ పూర్తిగా విడుస్తోందా లేదా అన్నదే.

దీన్ని మీరే చూసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ వేయండి. ఆపినప్పుడు సులువుగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే క్లచ్ విడవడం లేదు. ఇంజిన్ ఆపినా గట్టిగానే ఉంటే గేర్ లివర్ కేబుళ్లు, బుష్‌లు, లేదంటే గేర్‌బాక్స్ లోపల చూడాలి.

ఇంకో పరీక్ష. పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కి వదిలాక గేర్ సులువుగా పడుతోందా? అయితే హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్‌కు బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసేది) ఉన్న బండిలో గాలి చేరిందో, పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ గానీ క్లచ్ వైపు ఉండే స్లేవ్ సిలిండర్ గానీ లీకవుతోందో అయి ఉంటుంది. కొన్ని బళ్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది, వాటికి దించక తప్పదు. బయట ఉండే బళ్లలో మాత్రం అది గంటా రెండు గంటల పని. మారుతీ 800, ఆల్టో లాంటి కేబుల్ బళ్లలో అయితే ముందు కేబుల్ అడ్జస్ట్‌మెంట్ చూడాలి, దాని పోగులు తెగాయేమో చూడాలి.

అపోహ: బండి లాగడం లేదంటే ఇంజిన్ వీకయింది

దీనికి చెవి, మీటరు రెండూ కావాలి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ మోత, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఒక్కసారిగా పైకి పోయి, స్పీడు మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారుతోంది. ఆర్‌పీఎం కూడా నీరసంగానే పెరుగుతుంటే తప్పు ఇంజిన్ వైపు వెతకాలి. ఈ తేడా చూడకుండా ఫిల్టర్లు, ఇంజెక్టర్లు మార్పించుకుని, చివరికి క్లచ్ కోసం వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

హ్యాండ్ బ్రేక్ వేసి, పై గేర్‌లో క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోవాలనే పరీక్ష కూడా ఉంది. చేస్తే ముందు ఎవరూ లేకుండా చూసుకుని, కాలు బ్రేక్ మీద ఉంచి ఒక్కసారే చేయండి. పదేపదే చేస్తే ఉన్న ప్లేట్ కూడా కాలిపోతుంది. ఇంజిన్ ఆగింది కాబట్టి క్లచ్ బాగుందని కూడా అనుకోవద్దు. జారడం మొదలైన కొత్తలో అది బరువు మీదే బయటపడుతుంది. ఊళ్లో బాగానే తిరిగిన బండి ఐదుగురితో తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు కాలిన వాసన కొట్టేది అందుకే.

కేబుల్ బండి అయితే ప్లేట్ మార్చే ముందు పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ మీద బలం పడకముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం చూడండి. ప్లేట్ అరిగేకొద్దీ ఫ్రీ ప్లే తగ్గుతూ వస్తుంది. అసలు లేకుండా పోతే మనం తొక్కకపోయినా క్లచ్ కొద్దిగా తొక్కినట్టే ఉండి జారుతుంది. అడ్జస్ట్ చేస్తే ఇంకొన్నాళ్లు నడిచే ప్లేట్లు ఉంటాయి.

అపోహ: రివర్స్ గరగరమంటే గేర్‌బాక్స్ దెబ్బతిన్నట్టే

చాలా కార్లలో ముందుకెళ్లే గేర్లకు ఉండే సింక్రోమెష్ (గేర్ పడేముందు లోపలి వేగాలను సమానం చేసే ఏర్పాటు) రివర్స్‌కు ఉండదు. క్లచ్ తొక్కాక కూడా లోపలి షాఫ్ట్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి వేయండి. లేదా మొదట ఏదో ఒక ముందుకెళ్లే గేర్ వేసి, క్లచ్ వదలకుండానే రివర్స్‌కు మార్చండి, ఆ గేర్ సింక్రో షాఫ్ట్‌ను ఆపేస్తుంది. ఇంత చేసినా గరగరమంటే అప్పుడు క్లచ్ విడవడం లేదేమో చూడాలి.

అపోహ: అడుగున శబ్దం వస్తే రిలీజ్ బేరింగే

న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి వినండి. పెడల్ తొక్కినప్పుడు శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్ (ప్రెషర్ ప్లేట్‌ను నొక్కి పట్టు వదిలించేది) మీద అనుమానం. పెడల్ వదిలి ఉన్నప్పుడు వచ్చి, తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి బలం తీసుకెళ్లేది) బేరింగ్ వైపు చూడాలి. ఈ రెండో రకానికి క్లచ్ సెట్ మార్చినా శబ్దం పోదు.

అపోహ: గేర్ గట్టిగా ఉంటే చిక్కటి గేర్ ఆయిల్ పోయిస్తే సరి

ఒక్క గేరే, ఉదాహరణకు రెండోదో మూడోదో, మారినప్పుడు గరగరమని, మిగతావి బాగుంటే ఆ గేర్ సింక్రో రింగ్ అరిగి ఉండవచ్చు. క్లచ్ తప్పయితే అన్ని గేర్లకూ ఆ ఇబ్బంది కనబడాలి. చిక్కటి ఆయిల్ పోస్తే ఉదయం పూట గేర్లు ఇంకా బిగుస్తాయి. గేర్ ఆయిళ్లలో జీఎల్-4, జీఎల్-5 అని రకాలుంటాయి; కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి కూడా. బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 మాత్రమే పోయించండి.

అపోహ: దిగుడులో న్యూట్రల్ చేస్తే పెట్రోల్ మిగులుతుంది

ఇంజెక్షన్ ఇంజిన్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోల్ సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఐడిలింగ్ కోసం కాలుతూనే ఉంటుంది. పైగా ఘాట్‌లో భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. దయచేసి ఈ అలవాటు మానుకోండి. న్యూట్రల్ సిగ్నల్ దగ్గర వాడండి, అక్కడ క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చుంటేనే రిలీజ్ బేరింగ్ అరిగేది.

అపోహ: నడపకుండా ఉంచితే క్లచ్ అరగదు

అరగదు, కానీ అతుక్కుపోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి నిలబడ్డ బళ్లలో, 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో మునిగిన బళ్లలో తుప్పు వల్ల క్లచ్ ప్లేట్ ఫ్లైవీల్‌కు అంటుకుపోవడం చూశాను. ఇంజిన్ నడుస్తుండగా పెడల్ పూర్తిగా తొక్కినా ఒక్క గేరూ పడదు. అలాంటి బండిని గేర్‌లో ఉంచి స్టార్ట్ చేయవద్దు, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ప్లేట్ చాలావరకు మంచిదే కావచ్చు, కానీ తుప్పు ఎంతుందో చూడకుండా ఎవరూ హామీ ఇవ్వలేరు.

నిజంగానే గేర్‌బాక్స్ దించాల్సి వస్తే, దించినప్పుడే ఇంజిన్ వెనక ఆయిల్ సీల్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీల్ చూడమని అడగండి. అక్కడ ఆయిల్ కారుతుంటే కొత్త ప్లేట్ కూడా తడిసి జారుతుంది, కదిలేటప్పుడు బండి వణుకుతుంది. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, పగుళ్లు ఉన్నాయేమో మీ కళ్లతో చూడండి. పాత ప్లేట్ కూడా అడిగి తీసుకోండి. రివెట్ల దాకా అరిగిపోయి ఉంటే మార్చడం సబబే. ప్లేట్ మందంగా ఉండి ఆయిల్‌తో నల్లబడితే ఆ ఆయిల్ ఎక్కడిదో కనిపెట్టాకే గేర్‌బాక్స్ ఎక్కించమనండి.