హాస్టల్లో పిల్లాడు చెయ్యి ఎత్తినప్పుడు: అపోహలు - వాస్తవాలు

కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు తల్లిదండ్రులు సుగ్గికి (కూలి పనుల కోసం వలస) పోతే పిల్లలు సీజనల్ హాస్టళ్లలో ఉండిపోతారు. ఆ హాస్టళ్లలోనూ పిల్లల హోముల్లోనూ పనిచేసే వార్డెన్లు, కేర్‌టేకర్లు, కౌన్సెలర్ల మధ్య తరచూ తిరిగే మాటలివి.

అపోహ: సీమ పిల్లలు కదా, కోపం రక్తంలోనే ఉంటుంది.

ఈ మాట పిల్లలకు చేసే అన్యాయం అంతా ఇంతా కాదు. కోపం రక్తంలో ఉండదు. దానికో వేళ, ఒక చోటు ఉంటాయి. నెల రోజుల గొడవల రిజిస్టర్ ముందేసుకుని ప్రతి గొడవకూ టైము, చోటు వరసగా రాసి చూడండి. రాత్రి అన్నం లైను, పొద్దున బాత్రూముల దగ్గర, ఆదివారం వస్తానన్న అమ్మ రాని సాయంత్రం: ఇవే మళ్లీ మళ్లీ కనబడతాయి. అరవై మందికి ఒకటే లైను పెడితే, తన వంతు వచ్చేసరికి గుడ్డు మిగులుతుందో లేదోనని చివర నిలబడ్డవాడికి భయం. ముందువాణ్ణి తోసేది ఆ భయమే. లైను రెండు చేసి, గుడ్లు పిల్లల ఎదుటే లెక్కపెట్టండి. గొడవ మొదలయ్యాక చేసే పదింతల పని కంటే ఇది నయం.

అపోహ: గట్టిగా అరిస్తే అణుగుతాడు.

పద్నాలుగేళ్లవాడు స్టీలు గ్లాసు పైకెత్తి నిలబడ్డాడనుకోండి. చుట్టూ ఇరవై మంది చూస్తున్నారు. అందరి ముందూ మీరు అరిస్తే ఆ గ్లాసు దించడం వాడికి పరువు తక్కువ. అందుకే ముందు చూసేవాళ్లను బయటికి పంపాలి. అది రెండో స్టాఫ్ పని. మాట్లాడేది ఒక్కరే. రెండు చేతుల దూరంలో, కాస్త పక్కకు తిరిగి నిలబడండి, తలుపుకు అడ్డం రావద్దు. "అబ్బీ, గ్లాసు కింద పెట్టు. వరండాలో కూచుందామా, ఆఫీసులోనా?" అని అడిగి ఊరుకోండి. పది సెకన్లు మౌనంగా ఉండటం చాలా కష్టం. చాలామంది అక్కడే రెండో మాట, మూడో మాట వదిలి మళ్లీ రెచ్చగొడతారు.

ఎవరికో దెబ్బ తగలబోతుంటే తప్ప వాణ్ణి పట్టుకోవద్దు. పట్టుకోక తప్పకపోయినా బోర్లా పడేసి వీపు మీద బరువు వెయ్యకూడదు, మెడ పట్టకూడదు. ఊపిరాడక ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

"ఎందుకు చేశావు?" అని అప్పుడే అడగకండి. బువ్వ తిని, ఊపిరి సర్దుకున్నాక అడగొచ్చు.

అపోహ: రెండు దెబ్బలు వేస్తేనే దారికొస్తారు.

దెబ్బతో నోరు మూసుకుంటారు, అంతే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని నిషేధించింది. పిల్లల సంరక్షణ సంస్థల సిబ్బందికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 82వ సెక్షన్ ఉంది: మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఉద్యోగం కూడా పోవచ్చు.

అపోహ: రాస్తే హాస్టల్ పేరు చెడుతుంది.

రాయకపోతే పిల్లాడే చెడుతాడు. ఆ డ్యూటీ దిగేలోపు రాయండి, చూసింది చూసినట్టు. "రెచ్చిపోయాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "8.40కి గ్లాసు గోడకేసి కొట్టాడు, అంతకుముందు పక్కవాడు వాళ్లమ్మను తిట్టాడు" అని రాస్తే రేపు ఏం మార్చాలో తెలుస్తుంది.

లైంగిక హింస సంగతి బయటపడితే అది మన ఇష్టాయిష్టాల విషయం కాదు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. "ఎవరికీ చెప్పనులే" అని బిడ్డకు మాట ఇవ్వొద్దు. గుచ్చి గుచ్చి అడగొద్దు. బిడ్డ అన్న మాటలే, బిడ్డ యాసలోనే రాయండి. ఏ వేళైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చు.

అపోహ: దెబ్బ తినడం మన డ్యూటీలో భాగం.

కాదు. పిల్లాడు కొరికి చర్మం తెగితే సబ్బు పెట్టి, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టెటనస్, హెపటైటిస్-బి టీకాల సంగతి అడగండి. సిబ్బందికి తగిలిన దెబ్బ కూడా అదే రిజిస్టర్‌కు ఎక్కాలి. ఆ రాత్రి అదే పిల్లాడున్న గదికి వాళ్లను ఒంటరిగా డ్యూటీకి పంపకండి.