గ్రాంట్‌చెస్టర్‌లో చెస్టర్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

కేంబ్రిడ్జి పక్కనే, మహా అయితే రెండు మూడు మైళ్లు, గ్రాంట్‌చెస్టర్ అని చిన్న ఊరుంది. ఇంగ్లండ్‌లో పేరు చివర చెస్టర్ ఉంటే, మాంచెస్టర్, వించెస్టర్ లాగా, అక్కడ ఒకప్పుడు రోమన్ల కోటో పట్నమో ఉండేదని లెక్క, కోట, సైనిక శిబిరం అనే అర్థమున్న లాటిన్ కాస్ట్రా కాస్తా అలా చెస్టర్ అయింది. ఈ ఊరి దగ్గర మాత్రం ఆ లెక్క తప్పింది.

1086లో విలియం రాజు ఏ ఊరు ఎవరిది, ఎంత విలువ చేస్తుంది అని రాయించిన డూమ్స్‌డే బుక్‌లో ఈ ఊరు గ్రాంటెసెటా. గ్రాంటా అంటే ఊరి పక్కన పారే ఏరు, సెటా అంటే స్థిరపడ్డవాళ్లు. ఏటి ఒడ్డు జనం, అంతే, నిజానికి అది ఊరి పేరు కూడా కాదు, మనుషుల పేరు! తర్వాత ఆ సెటా ఏంటో ఎవరికీ అర్థంకాక, అందరికీ తెలిసిన చెస్టర్ వచ్చి అక్కడ కూర్చుంది.

అసలు తికమక ఇక్కడే మొదలు. 731లో బీడ్ అనే సన్యాసి తన చరిత్రలో, రాణిగా ఉండి సన్యాసినిగా మారిన ఎథెల్‌డ్రెడా శవపేటిక కోసం ఈలీ మఠం వాళ్లు పడవెక్కి గ్రాంటకేస్టిర్ అనే పాడుబడ్డ పట్నానికి వెళ్లారనీ, గోడల పక్కన తెల్ల పాలరాతి పేటిక దొరికిందనీ రాశాడు. పేరు అచ్చం అలాగే ఉంది కదా అని చాలామంది అది ఈ ఊరే అనుకున్నారు, కానీ రోమన్ పట్నం ఉన్నది కేంబ్రిడ్జిలో, క్యాజిల్ హిల్ మీద.

మరి కేంబ్రిడ్జి సంగతి ఇంకా తమాషా. డూమ్స్‌డేలో అది గ్రాంటెబ్రిజ్, అంటే గ్రాంటా మీద వంతెన. ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్ల నోరు తిరగక అది కాంటెబ్రిజ్ అయింది, పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ కాలానికి కూడా అదే, కేంబ్రిడ్జి డిగ్రీల పక్కన రాసే కాంటాబ్ దాని గుర్తే. చివరికి కేంబ్రిడ్జి అయ్యాక, వంతెన పేరులో కేమ్ ఉంది కాబట్టి ఏరు కూడా కేమ్ అయ్యుండాలి అనుకుని ఏటికే కొత్త పేరు పెట్టేశారు, బిడ్డని చూసి తల్లికి పేరు పెట్టినట్టు. గ్రాంట్‌చెస్టర్ వైపు మాత్రం ఆ నీళ్లని ఇప్పటికీ గ్రాంటా అనేవాళ్లున్నారు.