పాత ఇంటి ఆవిరి హీటింగుకి కొత్త పైపులు

న్యూజెర్సీ, న్యూయార్క్, మసాచుసెట్స్ లాంటి చోట్ల 1930కి ముందు కట్టిన ఇళ్లలో చాలావాటిని ఇప్పటికీ వెచ్చబరిచేది ఆవిరే. బేస్‌మెంట్‌లో బాయిలర్, గదుల్లో పోత ఇనుము రేడియేటర్లు, మధ్యలో లావుపాటి నల్ల పైపులు. అలాంటి ఇల్లు కొనుక్కున్న మనవాళ్లని మొదటి చలికాలంలో నిద్రపోనివ్వనిది గోడల్లోంచి వచ్చే ఠంగు ఠంగు చప్పుడు. బాయిలర్ పాతబడిందంటారు, మార్చేస్తారు, చప్పుడు ఇంకాస్త పెరుగుతుంది. తప్పు చాలాసార్లు బాయిలర్‌ది కాదు, దాని చుట్టూ బిగించిన పైపులది.

ఈ ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఒంటిపైపు పద్ధతి. ఆవిరి ఏ పైపులో రేడియేటర్‌కి ఎక్కుతుందో, చల్లబడి నీరయ్యాక అదే పైపు అడుగున వెనక్కి దిగుతుంది. ఇంట్లో ఎక్కడా పంపు ఉండదు. ఒక పౌను ఆవిరి నీరయ్యేటప్పుడు దాదాపు 970 బీటీయూల వేడి వదులుతుంది (బీటీయూ అంటే అమెరికాలో వేడిని కొలిచే యూనిట్). రేడియేటర్లన్నీ కలిసి గంటకు 84,000 బీటీయూలు ఇస్తుంటే, ఆ గంటలో సుమారు 39 లీటర్ల నీళ్లు ఆవిరై పైకెళ్లి, ఒట్టి వాలు మీదే కిందికి రావాలి. దారిలో ఎక్కడ నిలిచినా వెనక నుంచి వేగంగా వచ్చే ఆవిరి ఆ నీటిని ఎత్తి ముందున్న మలుపుకేసి కొడుతుంది. చప్పుడు అదే.

అన్ని పైపులూ మార్చక్కర్లేదు. పైన ఆవిరి తిరిగే పెద్ద పైపులు, అంటే మెయిన్లు, వందేళ్లయినా గట్టిగా ఉండటం మామూలే. ముందుగా తుప్పు తినేది మెయిన్ చివర్నుంచి నీటిని బాయిలర్‌కి తెచ్చే, నేల దగ్గర ఎప్పుడూ నీళ్లతో నిండి ఉండే రిటర్న్ పైపు (తడి రిటర్న్). అది కాంక్రీటు కింద పాతిపెట్టి ఉండి, బాయిలర్‌లో తరచూ నీళ్లు నింపాల్సి వస్తుంటే ముందు దాన్నే అనుమానించాలి. కొత్త నీటితో వచ్చే ఆక్సిజన్ బాయిలర్‌నీ తినేస్తుంది. మెయిన్లకు చూడాల్సింది వాలు ఒక్కటే. ఆవిరీ నీరూ ఒకే దిక్కున పోతుంటే 20 అడుగులకు 1 అంగుళం, ఎదురెదురుగా పోతుంటే 10 అడుగులకు 1 అంగుళం. రసమట్టం పెట్టి చూస్తే తెగిపోయిన హ్యాంగర్ దగ్గర పైపు కుంగిన చోటు బయటపడుతుంది. అది సరిచేస్తే చప్పుళ్లలో కొన్ని అక్కడే పోతాయి.

పైపుల మీద పాత తెల్ల పూత ఉంటే అది పీలిస్తే ప్రమాదకరమైన ఆస్బెస్టాస్ అయ్యే అవకాశం ఎక్కువ. పరీక్ష చేయించకుండా గీకకూడదు. తీయాల్సి వస్తే లైసెన్సున్న వాళ్లే తీయాలి. గ్యాస్ లైను, పొగగొట్టం కూడా వాళ్లకే వదిలేయండి. పర్మిట్ నియమాలు ఊరూరికీ మారతాయి, రంపం పట్టకముందే కనుక్కోవాలి.

బాయిలర్ కూడా కొత్తదైతే సైజు పాతదాని ప్లేటు చూసి తీసుకోకూడదు, ఇంటి వైశాల్యం చూసి అసలే కాదు. ఒక్కో రేడియేటర్‌కి ఎన్ని సెక్షన్లు, ఎత్తెంత, ఒక్కో సెక్షనుకి ఎన్ని గొట్టాలు అని కొలిచి, పట్టికలో దాని ఈడీఆర్ (రేడియేటర్ ఎంత వేడి ఇవ్వగలదో చెప్పే కొలత) చదరపు అడుగులు చూసుకుని కూడాలి. చదరపు అడుగుకి గంటకు 240 బీటీయూలు. 350 వస్తే 84,000. బాయిలర్ మీద రాసే నెట్ రేటింగులో పైపులు వేడెక్కడానికి పోయేది ముందే లెక్కేసి ఉంటుంది, మళ్లీ కలపకండి.

అసలు పనితనం బాయిలర్ నెత్తిమీదే కనిపించాలి. వెనకటి బాయిలర్లు పెద్దవి. నీటి మట్టం పైన ఖాళీ చాలా ఉండేది కాబట్టి ఆవిరి వెంట లేచిన తుంపరలు లోపలే రాలిపోయేవి. ఇప్పటివి చిన్నవి. ఆ పని బయటి పైపులు చేయాలి. అందుకే తయారీదారు మాన్యువల్‌లో ఇచ్చిన పైపు సైజుల కంటే చిన్నవి ఎప్పుడూ వేయకూడదు. బాయిలర్ నుంచి లేచే రైజర్లు (నిలువు పైపులు) నీటి మట్టం చూపే గాజుగొట్టం నడిమధ్య నుంచి కనీసం 24 అంగుళాలు లేచాకే, ఆవిరిని పోగుచేసే అడ్డ పైపు అయిన హెడర్‌ని కలవాలి. హెడర్ మీద వరస ఇది: ముందు రైజర్లన్నీ, తర్వాత ఇంట్లోకి పోయే మెయిన్లు, చిట్టచివర ఈక్వలైజర్ (హెడర్ నుంచి తిరిగి బాయిలర్‌కి దిగే పైపు). రెండు రైజర్ల మధ్య మెయిన్ తీస్తే రెండు వైపుల ఆవిరీ అక్కడ ఢీకొని నీళ్లని పైకి లాక్కుపోతుంది. రెండు మెయిన్లకీ ఒకే టీ (మూడు నోళ్ల ఫిట్టింగు) నెత్తి నుంచి చెరో దిక్కుకి ఇచ్చినా అదే గొడవ, మెయిన్‌కో టీ పెట్టాలి. అడ్డంగా పోయే పైపులో సైజు తగ్గించాలంటే అడుగు సమంగా ఉండే ఎక్సెంట్రిక్ రెడ్యూసరే వాడాలి. మామూలుదైతే దాని ముందు నీళ్లు మడుగు కడతాయి. సొంతంగా చేసుకునేవాళ్లకు డ్రాప్ హెడర్ మంచిది. రైజర్లను ఎత్తుకి తీసుకెళ్లి అక్కడి నుంచి కిందికి దింపి హెడర్‌లో కలుపుతారు. మలుపులు ఎక్కువ కాబట్టి కొలతలో అర అంగుళం తేడా వచ్చినా ఎల్బో (మలుపు ఫిట్టింగు) తిప్పి సర్దుకోవచ్చు, ఆవిరి కూడా పొడిగా వస్తుంది.

హెడర్‌లో రాలిన నీళ్లు ఈక్వలైజర్ గుండా బాయిలర్ అడుగుకి దిగుతాయి. ఇంట్లోంచి వచ్చే రిటర్న్ దానికి కలిసే చోటే హార్ట్‌ఫర్డ్ లూప్. 1919లో హార్ట్‌ఫర్డ్ స్టీమ్ బాయిలర్ ఇన్స్‌పెక్షన్ అండ్ ఇన్సూరెన్స్ కంపెనీ ప్రచారంలోకి తెచ్చిన ఏర్పాటు ఇది. రిటర్న్‌ని పైకి లేపి, బాయిలర్ నీటి మట్టానికి 2 నుంచి 4 అంగుళాల కింద ఈక్వలైజర్‌లో కలుపుతారు. రిటర్న్ పగిలినా నీళ్లు అంతవరకే దిగుతాయి, బాయిలర్ ఎండిపోదు. ఆ కలిసే ముక్క క్లోజ్ నిపులే (రెండు వైపులా మరలున్న అతి పొట్టి పైపు ముక్క) అవ్వాలి. పొడుగు నిపుల్ వేస్తే అక్కడే కొత్త చప్పుడు మొదలవుతుంది.

ఇంకో కొలత ఉంది: నీటి మట్టం నుంచి మెయిన్ అతి కిందికి దిగిన చోటు వరకు కనీసం 28 అంగుళాలు ఉండాలి. మెయిన్ చివర ఒత్తిడి బాయిలర్‌లో కంటే కాస్త తక్కువ. ఆ లోటు నీటి బరువుతోనే పూడాలి. అర పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లలో ఒత్తిడి) తేడాకి 14 అంగుళాల నీరు నిలబడాలి, మిగతాది ఘర్షణకీ భద్రతకీ. కొత్త బాయిలర్‌ని దిమ్మె మీదికి ఎత్తేవాళ్లు ఈ లెక్క మరిచిపోతే నీళ్లు మెయిన్‌లోకి ఎక్కి కూర్చుంటాయి.

నీటి మట్టం పైన రాగి వద్దు. చల్లగా ఉన్న 100 అడుగుల ఉక్కు పైపు ఆవిరి వేడికి సుమారు 1.1 అంగుళం సాగితే రాగి 1.6 అంగుళాలు సాగుతుంది. థ్రెడ్ ఎల్బోలు కాస్త తిరిగి సర్దుకుంటాయి, టంకం వేసిన కీళ్లు ఊడతాయి. తడి రిటర్న్‌కి రాగి పరవాలేదు. మిగతాదంతా షెడ్యూల్ 40 (మామూలు మందం) నల్ల ఉక్కు పైపు, పోత ఇనుము ఫిట్టింగులు. రేపెప్పుడో విప్పాలంటే పోత ఇనుమైతే ఒక పక్క బరువైన సుత్తి ఆనించి రెండో పక్క కొడితే పగిలిపోతుంది. థ్రెడ్‌కి టెఫ్లాన్ టేపు చుట్టి పైన పేస్టు రాయాలి. రెండంగుళాల పైపుకి 24, 36 అంగుళాల రెంచీలు కావాలి, ఇంకో మనిషి కూడా. కొలిచేటప్పుడు రెండంగుళాల ఎల్బోలోకి పైపు ముప్పావు అంగుళం దూరుతుందని లెక్క వేసుకోవాలి.

అంతా బిగించి మంట వెలిగించగానే గాజుగొట్టంలో నీళ్లు ఎగిరెగిరి పడతాయి. కంగారు పడక్కర్లేదు, థ్రెడ్లు కోసినప్పటి నూనె అది. తెట్టెలా నీటి మీద పరుచుకుని, పాలు పొంగినట్టు పొంగిస్తుంది. అడుగు నుంచి నీళ్లు వదిలితే పోదు. నీళ్లు వేడిగా, ఆవిరి రాకుండా ఉంచి, పక్కనున్న స్కిమ్ పోర్టు (నీటి మీది తెట్టె తీసే రంధ్రం) నుంచి సన్నటి ధారగా పొర్లనివ్వాలి. రెండు మూడు గంటలు పడుతుంది. కొన్నాళ్లు వాడాక మళ్లీ చేయాలి. ఆఖర్న కొత్త నీటిని ఒకసారి మరిగిస్తే ఆక్సిజన్ పోతుంది.

ఆవిరి ఒత్తిడిని బట్టి మంటని ఆపే కంట్రోలు హనీవెల్ ప్రెజర్‌ట్రాల్ అయితే బయటి స్కేలు 0.5కి, లోపలి చక్రం 1కి తిప్పాలి. అంటే 1.5 పీఎస్ఐ దగ్గర మంట ఆగుతుంది. అంతకంటే పెంచితే ఇల్లు త్వరగా వేడెక్కదు, బిల్లు పెరుగుతుంది. ఆవిరికి అడ్డం పైపుల్లోని గాలి, దాన్ని బయటికి పంపేది మెయిన్ చివరి వెంట్లు. వాటిని చివరి మలుపుకి 15 అంగుళాల వెనగ్గా, నిలువు నిపుల్ మీద పెడితే నీటి దెబ్బ తగలదు. వాటికి పొదుపు చేయకండి, గార్టన్ 2 లాంటి పెద్దవి వేయాలి. రేడియేటర్ల వెంట్లు ఆ తర్వాతే, దూరపు గదులకు వేగంగా గాలి వదిలేవి, థర్మోస్టాట్ ఉన్న గదికి నెమ్మదివి. ఒంటిపైపు రేడియేటర్ వాల్వు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా మూసైనా ఉండాలి. సగం తిప్పితే లోపలి నీళ్లు వెనక్కి దిగలేక వెంట్ నుంచి చిమ్ముతాయి.