సమానత్వం ఉన్నచోట బాణం

గడియారంలో 5 గంటలకూ 17 గంటలకూ ముల్లు ఒకే చోట నిలుస్తుంది కాబట్టి, 12 గుణిజాలను విడిచిపెట్టే అంకగణితంలో 5, 17 సమానమని రాస్తాం. అలా రాయగానే ముల్లు ఒక పూర్తి చుట్టు తిరిగిందన్న సమాచారం చెరిగిపోతుంది. సమానమని తేల్చకుండా 5 నుంచి 17కు ఒక బాణం గీసి, దాని మీద 12 అని గుర్తు పెడితే ఆ సమాచారం నిలిచి ఉంటుంది. సమానత్వం ఉన్నచోట బాణాన్ని నిలిపే ఇలాంటి ప్రయత్నాన్ని కేటగిరిఫికేషన్ అంటారు. 1990లలో లూయీ క్రేన్, ఇగోర్ ఫ్రెంకెల్ రచనలతో ఈ మాట వ్యాప్తిలోకి వచ్చింది.

కూడిక, తీసివేత, గుణకారం గల పూర్ణసంఖ్యలు, బహుపదులు, మాత్రికల వంటి నిర్మాణాలను ఆల్జీబ్రాలు అంటారు. మూలకాలూ, వాటి మధ్య ఒకదాని చివర ఒకటి అతికించగల బాణాలూ గల వ్యవస్థ కేటగిరీ. ఇలాంటి నిర్మాణాన్ని కేటగిరీగా మార్చాలంటే మూలకాలకే కాక బాణాలకు కూడా కూడిక, గుణకారం ఉండాలి; ఒక బాణం చివర మరో బాణాన్ని అతికించే సంధానం ఉండాలి; ఇవన్నీ పరస్పరం పొసగాలి. ఇంత భారాన్ని తీసివేత ఒక్కటే ఎంతగా తగ్గిస్తుందో చూసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యం కలుగుతుంది. క నుంచి ఖకు ఒక బాణం, ఖ నుంచి గకు మరో బాణం ఉన్నాయనుకుందాం. ఆ రెంటినీ కూడి, ఖ దగ్గర కదలకుండా ఉండే బాణాన్ని తీసివేస్తే వచ్చే బాణం మొదలు క + ఖ − ఖ, అంటే క. దాని చివర ఖ + గ − ఖ, అంటే గ. సంధానం ఇదే కావాలి, మరొకటి కావడానికి వీల్లేదు. కాబట్టి దానిని విడిగా చెప్పనక్కరలేదు. ఏ బాణం నుంచైనా దాని మొదలు దగ్గర కదలకుండా ఉండే బాణాన్ని తీసివేస్తే సున్న నుంచి బయలుదేరే బాణం వస్తుంది. అందుకే సున్న నుంచి బయలుదేరే బాణాలూ, అవి ఎక్కడికి చేరుతాయో చెప్పే ప్రమేయమూ, మూలకాలతో ఆ బాణాలను గుణించే పద్ధతీ తెలిస్తే చాలు.

ఆ ప్రమేయం గుణకారాన్ని కాపాడాలి. దానికి తోడు మిగిలేది ఒకే షరతు. సున్న నుంచి బయలుదేరే రెండు బాణాలను గుణించినా, వాటిలో ఒకదాని బదులు అది చేరిన మూలకంతో రెండోదాన్ని గుణించినా ఒకే ఫలితం రావాలి. సంధానమూ గుణకారమూ పొసగడానికి కావలసింది సరిగ్గా ఇదే. ఈ షరతుకు పైఫర్ నియమమని పేరు. ఇంతటి సామగ్రినీ కలిపి క్రాస్డ్ మాడ్యూల్ అంటారు.

జె. హెచ్. సి. వైట్‌హెడ్ 1940లలో క్రాస్డ్ మాడ్యూళ్లను కల్పించింది ఆల్జీబ్రాల కోసం కాదు, సాగదీసినా వంచినా మారని లక్షణాలను చూసే టోపాలజీలో ఆకారాలను సమూహాల (గ్రూపుల, అంటే ఒకే ప్రక్రియ, దానికి విలోమం గల నిర్మాణాల) ద్వారా అర్థం చేసుకోవడం కోసం. ఆ సమూహాల క్రాస్డ్ మాడ్యూళ్లు, సమూహ నిర్మాణం గల కేటగిరీలు ఒకదానికొకటి తుల్యమైనవని రొనాల్డ్ బ్రౌన్, క్రిస్టఫర్ స్పెన్సర్ 1976లో ప్రచురించారు. మామూలు గుణకారానికి బదులు బ్రాకెట్ అనే ప్రక్రియ గల లీ ఆల్జీబ్రాలకు ఇలాంటి సంబంధాన్ని జాన్ బాయెజ్, అలీసా క్రాన్స్ 2004లో వివరించారు.

గడియారం ఉదాహరణలో సున్న నుంచి బయలుదేరి సున్నకే తిరిగి వచ్చే బాణం, కదలనిది తప్ప, మరొకటి లేదు. ఇతర ఆల్జీబ్రాలలో సున్న నుంచి సున్నకే వచ్చే అలాంటి బాణాలు ఉండవచ్చు; వాటిని చుట్లు అందాం. పైఫర్ నియమం వల్ల ఏ రెండు చుట్లను గుణించినా సున్నే వస్తుంది. బాణాలు కలిపిన మూలకాలను ఒకటిగా లెక్కిస్తే మిగిలే ఆల్జీబ్రాతో ఈ చుట్లు ఎలా అల్లుకున్నాయో, క్షేత్రం (సున్న కాని ప్రతి సంఖ్యతోనూ భాగించగల సంఖ్యావ్యవస్థ) మీద నిర్మించిన ఆల్జీబ్రాల విషయంలో, ఇలాంటి అల్లికలను నమోదు చేసే మూడవ హాక్‌షిల్డ్ కోహోమాలజీలోని ఒక మూలకం తెలుపుతుంది. అది సున్న కానప్పుడు, మిగిలిన ఆల్జీబ్రానూ చుట్లనూ విడివిడిగా ఎంత తెలుసుకున్నా వాటిని పక్కపక్కన పెట్టి మొత్తం నిర్మాణాన్ని తిరిగి పొందలేం.