ఒకే పంతులమ్మ, రెండు బడులు: లండన్ ఆడపిల్లల చదువు వెనక ఫీజుల కథ

2025 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో ప్రైవేటు బడుల ఫీజు మీద 20 శాతం వ్యాట్ పడుతోంది. ఉన్నవాళ్ల బడులకు ఇన్నాళ్లూ మినహాయింపు ఎందుకిచ్చారని ఒక పక్షం అడుగుతోంది. కడుపు కట్టుకుని పిల్లల్ని చదివించుకునే కుటుంబాల మీద ఈ భారమేమిటని ఇంకో పక్షం అంటోంది. ఈ గొడవలో ఆడపిల్లల బడుల సంగతి విడిగా చూడాలని నా అభిప్రాయం. ఈటన్ లాంటి మగపిల్లల బడులకు వందల ఏళ్ల నాటి మాన్యాలున్నాయి, రాజులిచ్చిన దానాలున్నాయి. ఆడపిల్లల చదువుకు అలాంటి ఆస్తి దాదాపు లేదు. ఫీజు తప్ప వేరే ఆధారం లేక ప్రైవేటుగా పుట్టిన బడులు చాలానే ఉన్నాయి. ఉత్తర లండన్‌లోని ఒక డే స్కూలు చరిత్ర చూస్తే ఇది తెలుస్తుంది.

1850 ఏప్రిల్ 4న క్యామ్‌డెన్ స్ట్రీట్‌లోని 46వ నంబరు ఇంట్లో నార్త్ లండన్ కాలేజియేట్ స్కూల్ మొదలైంది. పెట్టింది ఫ్రాన్సిస్ మేరీ బస్. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. తండ్రి చిత్రకారుడు, రాబడి నిలకడగా ఉండేది కాదు. సంసారం నడవడానికి తల్లి ఒక చిన్న బడి పెట్టుకుంది. ఫ్రాన్సిస్ 14 ఏళ్లకే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత పగలంతా బడిలో పనిచేసి, సాయంత్రాలు ఆడవాళ్ల కోసం లండన్‌లో పెట్టిన క్వీన్స్ కాలేజ్‌లో పాఠాలు విని సర్టిఫికెట్లు సంపాదించుకున్నారు. కొత్త బడిలో తండ్రి కూడా డ్రాయింగ్, సైన్సు చెప్పేవారు. ఏ మతశాఖ పిల్లలనైనా చేర్చుకున్నారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

అసలు పరీక్ష 1863 డిసెంబరులో ఎదురైంది. బడిలో చదివే మగపిల్లలకు కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పెట్టే లోకల్ పరీక్షలను ఆడపిల్లలకూ ఒకసారి పెట్టి చూడమని, ఆడవాళ్ల చదువు కోసం పోరాడిన ఎమిలీ డేవిస్ పట్టుబట్టి ఒప్పించారు. తయారు కావడానికి దొరికింది కొద్ది వారాలే. 83 మంది రాస్తే అందులో 25 మంది మిస్ బస్ పిల్లలే. పెద్ద తరగతుల అమ్మాయిల్లో ఎక్కువమంది లెక్కల్లో తప్పారు. ఆడపిల్లలకు లెక్కలు రావని తేల్చేయడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ బస్ ఆ ఫలితాన్ని ఇంకోలా చదివారు. పియానో, ఫ్రెంచ్, కుట్టుపని మీద ఏళ్లు గడిపించి, లెక్కల్ని మొక్కుబడిగా చెప్పిన మనదే తప్పనుకున్నారు. బోధన మార్చారు. 1865లో ఆ పరీక్షలను ఆడపిల్లలకు అధికారికంగా తెరిచారు.

అదే ఏడాది నవంబరులో బస్, డేవిస్ ఇద్దరూ బడుల పరిస్థితి మీద వేసిన ప్రభుత్వ విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పారు. ఇద్దరికీ విపరీతమైన టెన్షన్. మగవాళ్ల సంఘం ముందు ఆడవాళ్లు చదువు గురించి నిపుణులుగా మాట్లాడటం అప్పటికి కొత్త. ఆ విచారణ ఫలితంగా 1869లో చట్టం వచ్చింది. పాత దానాల సొమ్ములో కొంత ఆడపిల్లల బడులకూ మళ్లించడానికి అది దారి తీసింది.

తర్వాత బస్ చేసిన పనికి నాకు చాలా గౌరవం. లాభసాటిగా నడుస్తున్న సొంత బడిని ట్రస్టు చేతుల్లో పెట్టేసి, తాను జీతం తీసుకునే హెడ్‌మిస్ట్రెస్‌గా మిగిలారు. అంతటితో ఆగలేదు. ఆ బడి ఫీజు కట్టుకోలేని కుటుంబాల కోసం 1871లో తక్కువ ఫీజుతో క్యామ్‌డెన్ స్కూల్ ఫర్ గర్ల్స్ పెట్టారు. 1879లో పెద్ద బడి, అంటే నార్త్ లండన్ కాలేజియేట్, శాండల్ రోడ్‌లోని కొత్త భవనాలకు మారింది.

క్రమశిక్షణ మాత్రం మహా గట్టి. 1880లలో అక్కడ చదివిన మాలీ హ్యూస్ తన జ్ఞాపకాల్లో ఆ రూల్స్ చెప్పారు: బడికి వచ్చే దారిలో వానకు తడవకూడదు, పెన్సిల్ పెట్టె కింద పడెయ్యకూడదు, ముగ్గురికి మించి పక్కపక్కన నడవకూడదు. పిల్లల మీద అంత ఒత్తిడి అవసరమా అనిపిస్తుంది. ఆడపిల్లల బడి మీద ఏ చిన్న మాటా పడకూడదన్న భయం దాని వెనక ఉండి ఉంటుంది.

ఆ బడి నుంచి వచ్చినవాళ్లలో క్లారా కొలెట్ కార్మిక స్త్రీల జీతాలు, బతుకుల మీద పరిశోధించి, ప్రభుత్వ వాణిజ్య శాఖ అయిన బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో పనిచేశారు. మేరీ స్టోప్స్ 1921లో లండన్‌లో కుటుంబ నియంత్రణ క్లినిక్ తెరిచారు. కవయిత్రి స్టీవీ స్మిత్, వోగ్ పత్రిక సంపాదకురాలిగా పేరుపడ్డ ఆనా వింటూర్ కూడా ఇక్కడి వాళ్లే.

లిలియన్ మరే కథ వేరు. క్యామ్‌డెన్ స్కూల్లో చదివి, స్కాలర్‌షిప్ మీద పెద్ద బడికి వచ్చిన పిల్ల ఆమె. మూగ, చెవిటి పిల్లలకు టీచర్ అవ్వమని బస్ చెబితే ససేమిరా అంది. ఇంకే పని చేస్తావో నేనూ చూస్తానని హెడ్‌మిస్ట్రెస్ అంటే, దంతవైద్యురాలిని కాకుండా మీరు ఆపలేరని ఎదురు చెప్పింది. ఆడపిల్లలకు దారులు తెరిచిన మనిషే ఒక అమ్మాయి దారికి అడ్డం నిలబడ్డారు. ఇది దాచిపెట్టాల్సిన విషయం కాదు. లండన్ నేషనల్ డెంటల్ హాస్పిటల్ డీన్ ఆమెను లోపలికి కూడా రానివ్వలేదు. మగ విద్యార్థుల దృష్టి చెదురుతుందని బయట పేవ్‌మెంట్ మీదే నిలబెట్టి మాట్లాడి, కాదని పంపేశారు. ఆమె ఎడిన్‌బరో వెళ్లి 1895లో దంతవైద్య పట్టా తీసుకున్నారు. బ్రిటన్‌లో ఆ అర్హత పొందిన మొదటి మహిళ ఆమే. పెళ్లయ్యాక లిలియన్ లిండ్సేగా 1946లో బ్రిటిష్ డెంటల్ అసోసియేషన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

పెద్ద బడి 1929లో నగరం అంచున ఎడ్జ్‌వేర్‌లోని క్యానన్స్ బంగళాను కొని, రెండో ప్రపంచ యుద్ధం నాటికి అక్కడికి మారిపోయింది. యుద్ధం తర్వాత చాలాకాలం ప్రభుత్వ గ్రాంటు అందుకుంది. గ్రాంటు తీసుకుంటే కొందరు పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలి. 1970లలో ఆ పద్ధతి రద్దయింది. ప్రభుత్వ వ్యవస్థలో కలవడమా, పూర్తి ప్రైవేటుగా ఉండటమా తేల్చుకోమన్నారు. పెద్ద బడి ప్రైవేటు వైపు వెళ్లింది. అప్పటికే ప్రభుత్వ బడిగా ఉన్న క్యామ్‌డెన్ స్కూల్ అదే కాలంలో పిల్లల్ని ఏరుకోవడం మాని అందరినీ చేర్చుకునేలా మారింది. బస్ 1879లో పిల్లల్ని తీసుకెళ్లిన శాండల్ రోడ్‌లో ఇప్పుడున్నది ఈ ఫీజు లేని బడే.