ట్రెయిల్ షూస్, నీళ్ల బ్యాగులు: అపోహలు - వాస్తవాలు

జూన్‌లో నాలుగు వానలు పడి అనంతగిరి పచ్చబడగానే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ట్రెయిల్ షూస్ ఏవి తీసుకోవాలి?", "వాటర్ బ్యాగ్ రెండు లీటర్లది చాలా, మూడు లీటర్లదా?" హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో కొత్తవాళ్లతో ట్రెయిల్ పరుగు, అంటే మట్టిదారుల్లో, కొండదారుల్లో పరుగు ప్రాక్టీసు చేయించడం నా పని. కంపెనీ పేరు చెప్పేముందు నేను ఎదురు అడిగేవి రెండే. ఏ నేల మీద పరిగెత్తబోతున్నారు? ఎన్ని గంటలు బయట ఉంటారు? ఈ రెండూ అడగకుండా ఎవరు సిఫార్సు చేసినా పట్టించుకోకండి. కింద రాసినవన్నీ ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు నమ్మి వచ్చేవే.

అపోహ: ట్రెయిల్ షూస్ లేకుండా మట్టిదారి తొక్కకూడదు

కేబీఆర్ పార్కు మట్టి ట్రాక్‌కీ, ఎండాకాలపు అడవి బండిబాటకీ మీ దగ్గరున్న రోడ్డు షూస్ చాలు. ట్రెయిల్ మీకు నచ్చుతుందో లేదో తెలియకముందే వేలకు వేలు పెట్టాల్సిన పని లేదు.

రోడ్డు షూస్ చేతులెత్తేసే చోట్లు వేరే ఉన్నాయి. తడిసిన ఏటవాలు, సూదిరాళ్లు, తుమ్మముళ్లు, దారి ఒక పక్కకి ఒరిగి ఉండే కొండవార. రోడ్డు షూలో ఎత్తైన మెత్తటి ఫోమ్ ఉంటుంది. ఒరిగిన నేల మీద అది ఒక పక్కకే అణిగి చీలమండ మెలిపడుతుంది. ట్రెయిల్ షూలో బొటనవేలి ముందు గట్టి రబ్బరు కాపు, కాలు పక్కకి జారకుండా పట్టుకునే పైభాగం, నాలుకకి రెండు పక్కలా కుట్టిన గుడ్డ ఉంటాయి. ఆ గుడ్డ ఇసుకనీ, పల్లేరుకాయల్నీ లోపలికి రానివ్వదు. కొన్నిటిలో అరికాలి కింద పలుచటి ప్లాస్టిక్ పలక పెడతారు, రాక్ ప్లేట్ అంటారు. మన గుట్టల్లో మొనదేలిన రాళ్ల మీద గంటసేపు దిగాక దాని విలువ తెలుస్తుంది.

అపోహ: లగ్స్ ఎంత పొడుగుంటే అంత గ్రిప్

షాపులో షూ తిరగేసి, అడుగున పొడుచుకొచ్చిన రబ్బరు లగ్స్‌ని వేలితో నొక్కి చూసి "ఇది బాగా పట్టుకుంటుంది" అనేవాళ్లు చాలామంది. అది బురద నేలకి నిజం, రాతి నేలకి అబద్ధం.

ఖాజాగూడ గుట్టల్లాంటి చోట మన కాలి కింద ఉండేది గ్రానైట్ బండ. బండలో లగ్ దిగదు. అక్కడ పట్టు రావాలంటే రబ్బరు మెత్తగా, జిగటగా ఉండాలి, బండకి ఎక్కువ వైశాల్యంతో తగలాలి. 3 నుంచి 4 మిల్లీమీటర్ల లగ్స్, దగ్గరదగ్గరగా ఉన్నవి, ఈ పని చేస్తాయి. 6 మిల్లీమీటర్ల లగ్స్‌తో బండ ఎక్కితే కాలు ఆ గుబ్బల మీదే నిలబడుతుంది, అవి వంగిపోతుంటాయి, నిలకడ ఉండదు. అలాగని మంచి రబ్బరుంటే ఎక్కడైనా ఆగుతామని కాదు. బండ మీద పలుచగా మొరం పరుచుకున్న చోట ఏ షూ అయినా గోలీల మీద నడిచినట్టే. తడి పాచి మీద కూడా అంతే. అక్కడ షూని నమ్ముకోకుండా అడుగు చిన్నది చేసి, వేగం తగ్గించాలి.

నల్లరేగడి చేలగట్ల మీద లెక్క తారుమారవుతుంది. అక్కడ దగ్గరగా ఉన్న లగ్స్ మధ్య మట్టి కూరుకుపోయి ఒక్కో కాలికి అరకిలో బరువు ఎక్కుతుంది. 5, 6 మిల్లీమీటర్లు ఉండి, మధ్యలో వెడల్పు ఖాళీలున్న లగ్స్ అయితే మట్టిని విదిలించుకుంటూ పోతాయి. చాలా షూస్ అడుగున పసుపురంగు ముద్రతో కనిపించే వైబ్రమ్ ఒక ఇటలీ రబ్బరు సోల్ కంపెనీ. 1935లో ఆల్ప్స్‌లో ఆరుగురు సహచరుల్ని పోగొట్టుకున్న విటాలె బ్రమాని, అందుకు వాళ్ల బూట్లూ ఒక కారణమని భావించి 1937లో తన రబ్బరు సోల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఆ కంపెనీ కూడా ఒకే రబ్బరు అన్నిటికీ పెట్టదు. తడి రాతికి పేరున్నది మెగాగ్రిప్ రకం. కాబట్టి పసుపు ముద్ర ఉందా అని కాకుండా, ఏ రకం రబ్బరో చూడండి.

అపోహ: వానాకాలానికి వాటర్‌ప్రూఫ్ షూస్ కొనాలి

వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. కానీ నీళ్లు షూలోకి వచ్చేది ఎక్కువగా పైనుంచి. పిక్కల మీదుగా కారుతూ, వాగు దాటేటప్పుడు చీలమండ దగ్గర నుంచి. గోర్‌టెక్స్ లాంటి నీళ్లు చొరనివ్వని పొర ఉన్న షూలోకి ఒకసారి నీళ్లు దిగాయా, అవి బయటికి పోవు. పైగా మన వానాకాలం చల్లటిదేమీ కాదు. ఆ పొర లోపల పాదం చెమటకే నానిపోతుంది. నానిన చర్మం మెత్తబడి బొబ్బలెక్కుతుంది.

మనకి కావాల్సింది జల్లెడలా ఉండే మెష్ షూ, పలుచటి సింథటిక్ లేదా ఉన్ని సాక్సులు. వాగు దాటాక పది నిమిషాలు పరిగెత్తితే నీళ్లు వాటంతటవే బయటికి పోతాయి. కాటన్ సాక్సులు మాత్రం వద్దు, అవి నీళ్లు పట్టుకుని వదలవు. వాటర్‌ప్రూఫ్ పనికొచ్చేది చలి, మంచు ఉన్న చోట. లడఖ్‌లో చలికాలం పరిగెత్తే ఆలోచన ఉంటే అప్పుడు చూడండి. కర్ణాటకలోని మల్నాడు కాఫీ తోటల్లో రేసుకి వెళ్లేవాళ్లు జలగల కోసం వాటర్‌ప్రూఫ్ అడుగుతుంటారు. జలగని ఆపేది షూ కాదు, సందులేని నేతతో మోకాలి దాకా ఉండే సాక్సులు.

అపోహ: ఆఫీసు షూ సైజే దీనికీ సైజు

గోళ్లు నల్లబడి వచ్చే ప్రతి ఒక్కరి కథా ఇక్కడే మొదలవుతుంది. ఎక్కేటప్పుడు అంతా బాగానే ఉంటుంది. దిగేటప్పుడు ప్రతి అడుగుకీ పాదం ముందుకి జారి వేళ్లు షూ ముక్కుకి గుద్దుకుంటాయి. పైగా రెండు మూడు గంటల పరుగులో పాదం వాస్తుంది. నిలబడినప్పుడు పొడుగైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. చాలామందికి ఇది రోజువారీ సైజు కన్నా అర సైజో, ఒక సైజో పెద్దది అవుతుంది. ఒక్కో కంపెనీ కొలత ఒక్కోలా ఉంటుంది కాబట్టి అంకె పట్టుకుని ఆన్‌లైన్‌లో కొనేయకండి.

సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కొంత ఉబ్బి ఉంటుంది. పరిగెత్తే సాక్సులు వెంట తీసుకెళ్లండి. రెండు కాళ్లకీ వేసి చూడండి, చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దది. తరవాత షాపులో ర్యాంపో, మెట్లో వెతుక్కుని దిగి చూడండి, బొటనవేలు ముందుకి తగిలితే ఆ జత పక్కన పెట్టండి. పొడవు సరిపోయి వెడల్పు చాలక చిటికెనవేలు నలిగితే ఇంకా పెద్ద సైజుకి పోకండి, వెడల్పు ఎక్కువున్న మోడల్ అడగండి. పెద్ద సైజులో మడమ ఎగురుతుంది, మడమ వెనక బొబ్బ లేస్తుంది.

లేసు రంధ్రాల్లో అన్నిటికన్నా పైన, కాస్త వెనక్కి ఒక రంధ్రం ఖాళీగా వదిలేస్తారు చూశారా? దాన్ని వాడండి. లేసుని అదే పక్క రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా చేసి, అవతలి లేసుని అందులోంచి లాగి కడితే మడమ కదలదు. దిగుడులో వేళ్లు బతికిపోతాయి. గోళ్లు ముందురోజే కత్తిరించుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: పాదం చదునుగా ఉంటే ప్రత్యేకమైన షూ తప్పనిసరి

తడి పాదం ముద్ర చూసి షూ చెప్పే పద్ధతిని అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ల మీద పరీక్షించారు. పాదం ఆకారాన్ని బట్టి షూస్ ఇచ్చినవాళ్లకీ, అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్లకీ గాయాల్లో పెద్ద తేడా కనిపించలేదు. వేసుకున్న వెంటనే హాయిగా అనిపించిందా లేదా అన్నదే ఇప్పటికీ మంచి గుర్తు. ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు ఫిజియోథెరపిస్టుని కలవాలి.

అపోహ: మన తాతలు ఉత్తకాళ్లతోనే నడిచారు, ఇవన్నీ ఎందుకు?

అలిపిరి మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కుతాం కదా అని ఒకరు అడిగారు. ఎక్కడం నడక, అది కూడా కట్టిన మెట్ల మీద. మెక్సికోలోని రారామురి తెగకి చెందిన విక్టోరియానో చూర్రో 55 ఏళ్ల వయసులో, 1993లో అమెరికాలోని లెడ్‌విల్ వంద మైళ్ల రేసుని టైరు ముక్కల చెప్పులతో గెలిచాడు, నిజమే. కానీ రారామురి తెగవాళ్లు చిన్నప్పటి నుంచీ ఆ చెప్పులతోనే కొండల్లో తిరుగుతారు. మనం ముప్పై ఏళ్లు మెత్తటి షూలో పెంచిన పాదాన్ని ఒక్క వారంలో అలా మార్చలేం. పలుచటి సోల్ కావాలంటే నెలల తరబడి కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోండి.

అపోహ: దాహం వేసేలోపే తాగాలి, ఎంత ఎక్కువైతే అంత మంచిది

ఈ ఒక్క అపోహ ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి. 2002 బోస్టన్ మారథాన్ పూర్తి చేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదాని కన్నా తక్కువగా తేలింది. ముగ్గురిలో ప్రమాదకరంగా పడిపోయింది. రేసు మొదట్లో కన్నా చివర్లో బరువు పెరిగినవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ. అంటే కార్చిన చెమట కన్నా ఎక్కువ తాగినవాళ్లకి. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకి తాగడానికి టైము ఎక్కువ దొరుకుతుంది, కొత్తవాళ్లు జాగ్రత్తపడాల్సింది అందుకే. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, వాంతి, తలనొప్పి, తికమక మాటలు కనిపిస్తే ఇంకో బాటిల్ నీళ్లు పట్టించకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అలాగని మే నెల ఎండలో దాహాన్ని ఓర్చుకోమని కాదు. మీ లెక్క మీరు తెలుసుకోండి. ఒక గంట పరుగుకి ముందూ తరవాతా, చెమట తుడుచుకుని, తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. 60 కిలోల మనిషి 59.2కి వచ్చి, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే గంటకి 1.2 లీటర్ల చెమట. అదంతా తిరిగి తాగాలని లేదు, కడుపూ ఒప్పుకోదు. చాలామందికి గంటకి 400 నుంచి 800 మిల్లీలీటర్ల మధ్య ఎక్కడో సరిపోతుంది, ఆ మధ్యలో దాహం చెప్పినట్టు వినండి.

అపోహ: పెద్ద వాటర్ బ్యాగ్ కొంటే అన్నిటికీ పనికొస్తుంది

రెండు లీటర్ల నీళ్లంటే వీపు మీద రెండు కిలోలు. గంట లోపు పరుగుకి అసలేమీ అక్కర్లేదు, లేదంటే చేతి బాటిల్ ఒకటి. రెండు, రెండున్నర గంటలకి ఛాతీ మీద రెండు సాఫ్ట్ ఫ్లాస్కులు (మెత్తటి బాటిళ్లు) పట్టే, చొక్కాలా తొడుక్కునే వెస్ట్ మంచిది, ఒక్కో ఫ్లాస్కు అర లీటరు. తాగేకొద్దీ అవి ముడుచుకుంటాయి కాబట్టి నీళ్లు గలగలలాడవు, ఎంత మిగిలిందో కంటికి కనిపిస్తుంది. వీపు మీద పెట్టుకుని గొట్టంతో తాగే నీళ్ల సంచి, అంటే బ్లాడర్‌లో ఆ సౌకర్యం లేదు. గొట్టంలోకి గాలి వచ్చేదాకా అయిపోయిందని తెలియదు. దారిలో నీళ్లు నింపుకునే చోటు లేని పొడుగు పరుగులకే దాన్ని ఉంచుకోండి. నింపాక తిరగేసి గొట్టంతో గాలి పీల్చేస్తే లోపల నీళ్లు ఊగవు. అందులో ఉత్త నీళ్లే పోయండి, తీపి కలిపినవన్నీ ఫ్లాస్కులో. కడిగాక పూర్తిగా ఆరదనుకుంటే బ్లాడర్‌ని ఫ్రీజర్‌లో పెట్టేయండి, బూజు రాదు.

వెస్ట్‌ని ఖాళీగా వేసి చూసి కొనడం వృథా. నీళ్లు నింపి, ఫోన్ పెట్టి, షాపులోనే అటూ ఇటూ పరిగెత్తండి. ఆడవాళ్లు ఛాతీ పట్టీలు పైకీ కిందికీ జరిగేది చూసి తీసుకోవాలి. రేసుకి వెళ్తుంటే ముందు వాళ్ల రూల్స్ చదవండి. ఆల్ప్స్‌లో జరిగే యూటీఎంబీ అనే ట్రెయిల్ రేసులో కనీసం ఒక లీటరు నీళ్లు, సొంత కప్పు, విజిల్, అత్యవసర దుప్పటి వెంట ఉండాల్సిందే. ఇప్పుడు మన దగ్గర కూడా కప్పు తెచ్చుకోమనే రేసులున్నాయి.

అపోహ: కొబ్బరినీళ్లు ఉంటే ఉప్పు అక్కర్లేదు

చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. కొబ్బరినీళ్లలో ఎక్కువుండేది పొటాషియం. పరుగయ్యాక హాయిగా తాగండి, పరుగులో దాని మీదే ఆధారపడకండి. లీటరు నీళ్లలో పావు చెంచా ఉప్పు కలిపితే దాదాపు అర గ్రాము సోడియం వస్తుంది. అందులో నిమ్మకాయ పిండి, కాస్త చక్కెర వేసుకుంటే రెండు గంటల పరుగుకి ఖరీదైన టాబ్లెట్ల అవసరం ఉండదు. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే.

ఓఆర్ఎస్ కొనేవాళ్లు అట్ట మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు ఉండాలి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ ఫార్ములా లేని తీపి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దని ఆదేశించింది. ఇక కండరాలు పట్టేయడానికి ఉప్పు లోపమే కారణమన్న మాటకి ఆధారం బలంగా లేదు. అలవాటు లేని వేగం, అలవాటు లేని దిగుడు కూడా అంతే కారణం.

అపోహ: షూ చిరిగేదాకా వాడొచ్చు

500 నుంచి 800 కిలోమీటర్లు అన్నది ఉజ్జాయింపు లెక్క. మన గ్రానైట్ మీద ఫోమ్ బాగానే ఉండగానే లగ్స్ అరిగిపోతాయి. బొటనవేలి కింద లగ్స్ నున్నబడితే ఆ జతని మట్టి ట్రాక్‌కి మార్చండి. ఇంటి నుంచి గుట్ట దాకా తారురోడ్డు మీద వాటితో పరిగెత్తితే ఆ రోజు ఇంకా ముందే వస్తుంది. తడిసి వచ్చిన షూస్‌ని మేడ మీద ఎండలో పెట్టకండి, జిగురు ఊడుతుంది. ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి. రెండు గంటల తరవాత ఒకసారి పేపరు మార్చండి.