పది పౌన్ల ఇల్లు: ఆల్ఫ్రిస్టన్ క్లెర్జీ హౌస్

ఇంగ్లండ్‌లో పాత కలప ఇళ్లకు సిమెంటు తగలనివ్వకూడదని, పాడైన మేరకే కలప మార్చాలని పరిరక్షకులు పట్టుబట్టడం వెనుక, ఆ ఇళ్లను కట్టిన తీరుతో పాటు శతాబ్దానికి పైబడిన వాదోపవాదాలూ ఉన్నాయి. ఆ రెండింటినీ ఒకేచోట చూపే ఇల్లు తూర్పు ససెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్ క్లెర్జీ హౌస్ (మతాధికారుల ఇల్లు).

సుమారు 600 ఏళ్ల నాటి ఈ ఇల్లు ‘వీల్డెన్’ తరహాకు చెందినది. నడుమ పైకప్పు దాకా ఖాళీగా ఉండే హాలు, దానికి అటూ ఇటూ రెండంతస్తుల గదులు, అన్నిటి మీదా ఒకే కప్పు ఈ తరహా లక్షణాలు. తొలినాళ్లలో పొగగొట్టాలు లేవు. హాలు నేల మీదే మంట వేసేవారు, పొగ కప్పు గుండా పోయేది. ఇలాంటి ఇళ్ల వాసాలకు పట్టిన మసి నేటికీ చరిత్రకారులకు ఆధారమే.

బరువు మోసేది గోడలు కావు, ఓక్ అనే గట్టి కలపతో చేసిన చట్రం. పచ్చి కలపనే చెక్కి, ఒక దూలం కొనను సన్నగా చెక్కిన కుసిని మరో దూలం బెజ్జంలో దించి, ఓక్ చీలలు కొట్టేవారు. ఆరేకొద్దీ కలప వంగేది, కీళ్లు మాత్రం బిగుసుకునేవి. కాబట్టి ఇంటి వంకరను చూసి శిథిలమైందని తీర్మానించడం తొందరపాటే. చట్రం మధ్య ఖాళీల్లో తడికలు అల్లి, మట్టిలో గడ్డి, పేడ కలిపి మెత్తి, పైన సున్నం పూసేవారు. ఆల్ఫ్రిస్టన్ హాలు నేల సుద్దరాయి పొడిని దిమ్మిస కొట్టి, పులిసిన పాలు పోసి గట్టిపరచినది. మట్టి, సున్నం తేమను పీల్చుకుని మళ్లీ విడిచిపెడతాయి. సిమెంటు పూత ఆ దారిని మూసేయడంతో, పగుళ్ల గుండా దిగిన నీరు బయటికి రాలేక, పైకి ఏమీ తెలియకుండానే దూలాన్ని కుళ్లబెడుతుంది.

19వ శతాబ్దం చివర ఈ ఇల్లు కూల్చివేతకు సిద్ధమైంది. పాత కట్టడాలను ‘పునరుద్ధరణ’ పేరిట చెరిపేసే ధోరణిని ఎదిరిస్తూ కవి, రూపకర్త విలియం మోరిస్, వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ తదితరులు 1877లో స్థాపించిన పురాతన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థానిక మతాధికారి ఆశ్రయించారు. చివరికి, చారిత్రక స్థలాలను కాపాడేందుకు 1895లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ మరుసటి ఏడాదే దీన్ని 10 పౌన్లకు కొన్నది. ట్రస్ట్ చేతికి వచ్చిన తొలి కట్టడం ఇదే. ధర నామమాత్రమే గానీ మరమ్మతుకు దానికి ఎన్నో రెట్లు కావలసి వచ్చింది, అందుకు ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరైన ఆక్టేవియా హిల్ విరాళాలు కోరారు.

నాడు కొందరి పట్టుదలగా ఉన్నది తర్వాత చట్టమైంది. చారిత్రక కట్టడాల రక్షిత జాబితాలోని ఇంటి స్వరూపాన్ని అనుమతి లేకుండా మార్చడం నేడు ఇంగ్లండ్‌లో నేరం. ఆ ఇల్లు సొంతదే అయినా మినహాయింపు లేదు.